సంక్రాంతికి నిలబడిన ఓవర్‌క్లాక్ రోహిణిలో ఎందుకు పడిపోయింది

పెళ్లికూతురి నాన్నగారు మూడోసారి ఫోన్ చేశారు. "ఏమండీ, పెన్‌డ్రైవ్ ఇవ్వాళ ఇచ్చేస్తారాండి? అల్లుడుగారు ఎల్లుండి కువైట్ ఫ్లైటు ఎక్కేస్తున్నారండి" అని. ఆయ్, సాయంత్రానికల్లా ఇచ్చేస్తానండి అన్నాను. అన్నానే గానీ ఎదురుగా స్క్రీన్ అంతా నీలంగా మారి, ఆ ఏడుపుమొహం బొమ్మ పెట్టుకుని కంప్యూటర్ మళ్లీ మొదటికొస్తోంది. ఆ మధ్యాహ్నానికి అది నాలుగోసారి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు వీడియోలు తీసి ఎడిట్ చేసి ఇవ్వడం నా పని. డాబా మీద ఒక గది, దాన్లో కంప్యూటరు, సీలింగ్ ఫ్యాన్, కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లు. ఏసీ లేదు. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-10600కే, 2020లో వచ్చిన మోడల్, నేను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే, అన్ని కోర్ల మీదా పని పడినప్పుడు 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. పేరు చివర ఆ 'కే' ఉందంటే వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ అనే అంకెకి కంపెనీ తాళం వెయ్యలేదని అర్థం, పైగా నా మదర్‌బోర్డు జెడ్490, దాన్ని మార్చనిచ్చే రకం. ఈ రెండూ చేతిలో ఉండి ఓవర్‌క్లాక్ చెయ్యకుండా, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించకుండా ఉండాలంటే నాకంటే బుద్ధిమంతుడై ఉండాలి.

లెక్క చాలా చిన్నది. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని ఎన్నింతలు చేస్తామో ఆ అంకే మల్టిప్లయర్, రెండూ గుణిస్తే వేగం. 45 పెడితే 4.5 గిగాహెర్ట్జ్, 50 పెడితే 5.0. పాతరోజుల్లో ఇలా కాదు, మల్టిప్లయర్ తాళం వేసి ఉండేది కాబట్టి బేస్ క్లాక్‌నే పెంచేవాళ్లు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అని ఒకటుంది, దానికి 66 మెగాహెర్ట్జ్ బస్సు (అప్పట్లో బేస్ క్లాక్ అదే), 4.5 మల్టిప్లయర్. ఆ బస్సుని 100కి మారిస్తే 300 కాస్తా 450 అయిపోయేది. సగానికి సగం వేగం ఊరికే వచ్చేది! ఇప్పుడా రోజులు లేవు, కంపెనీలే టర్బో పేరుతో ఆఖరి చుక్క దాకా పిండి అమ్ముతున్నాయి, మనకి మిగిలేది అడుగున కాస్త. బేస్ క్లాక్‌ని మాత్రం ఈ తరం బోర్డుల్లో 100 దగ్గరే వదిలెయ్యండి, దానికి వేరే భాగాలు కూడా ముడిపడి ఉంటాయి.

సరే, నా తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. జనవరి, భోగికి ముందు రాత్రి. గదిలో 23 డిగ్రీలు. బయాస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్‌ల స్క్రీన్‌లోకి వెళ్లి మల్టిప్లయర్ 50 పెట్టాను. వోల్టేజీని ఆటోలో వదిలేస్తే మదర్‌బోర్డు తన ఇష్టానికి 1.42 వోల్టులు తోసేస్తోంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: బోర్డుకి కావాల్సింది కంప్యూటర్ ఆగిపోకుండా ఉండటం, అందుకని అవసరం లేకపోయినా దండిగా ఇచ్చేస్తుంది. నేను మాన్యువల్‌లో పెట్టి తగ్గించుకుంటూ 1.34 దాకా తెచ్చాను. ప్రాసెసర్ చేత పూర్తిగా పనిచేయించి చూసే సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష పది నిమిషాలు పరిగెత్తించాను, పాసైంది. వేడి 77 డిగ్రీలు. గంట పట్టే రెండర్, అంటే ఎడిట్ చేసిందాన్ని పూర్తి వీడియోగా తయారుచెయ్యడం, యాభై నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఇంకేముంది, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేశాను. మాఘమాసం పెళ్లిళ్లన్నీ దాని మీదే ఇచ్చాను, ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఇది స్టేబుల్ అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను.

మే నెల చివరికొచ్చేసరికి డాబా మీద గది సంగతి మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి గోడ మీద థర్మామీటర్ 38 చూపిస్తోంది. బయట గాలి ఆడదు, ఆడినా తడిగాలి. మొదటి పది పెళ్లిళ్లకి ఏమీ కాలేదు గానీ, ఆ కువైట్ అల్లుడుగారి వీడియోకి మాత్రం రెండర్ సగంలోకి వచ్చేసరికి నీలం స్క్రీన్. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది: మూడోసారి రెండర్ మొత్తం అయిపోయింది, ఎర్రర్ ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకుని ఊరికే ముందుకీ వెనక్కీ జరిపి చూస్తే, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే చోట ఒక క్షణం పాటు పెళ్లికొడుకు మొహం మీద ఆకుపచ్చ చదరాలు. చూడకుండా ఇచ్చేసి ఉంటే నా పరువేమయ్యేది? కంప్యూటర్ ఆగిపోవడం నయం, తెలుస్తుంది. నిశ్శబ్దంగా తప్పు లెక్క కట్టి ఇదిగో అని చేతిలో పెట్టడం దారుణం. నేను ఎన్‌కోడింగ్ గ్రాఫిక్స్ కార్డు మీద కాకుండా ప్రాసెసర్ మీదే చేయిస్తాను కాబట్టి ఆ తప్పు లెక్క తిన్నగా బొమ్మలోకే వచ్చి కూర్చుంది.

ఆ రోజుకి బయాస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి మార్చి, పాత వేగంతోనే రెండర్ చేసి రాత్రి తొమ్మిదింటికి బండి మీద వెళ్లి ఇచ్చొచ్చాను.

మా బాబాయి రొయ్యల చెరువు చేస్తాడు. మర్నాడు గట్టు మీద కూర్చుని ఈ గోలంతా చెప్తే, జనవరిలో బాగానే ఉంది కదా బాబాయ్ అని నేను అనగానే నవ్వాడు. "ఒరేయ్, మధ్యాహ్నం మూడింటికి డీవో చూసుకుని చెరువు బాగుంది అనుకుంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్దిరా. తెల్లారగట్ల లేచి చూడాలి." డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. పగలు ఎండకి నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి దాన్ని తినేస్తాయి, కాబట్టి తెల్లవారే ముందే అన్నిటికంటే తక్కువ ఉంటుంది. చెరువు చేసేవాళ్లంతా ఏరియేటర్లు ఎన్ని కావాలో ఆ గడియని బట్టే లెక్కేసుకుంటారు. నేను చేసిందేంటి? భోగి మంటల చలిలో కంప్యూటర్‌ని పరీక్ష చేసి, రోహిణీ కార్తెలో దాని చేత చాకిరీ చేయించాను.

ఇంటికొచ్చి ఈసారి బుద్ధిగా చదివాను, కొలిచాను. ముందు ఒక అపోహ. చాలామంది, నాతో సహా, ప్రాసెసర్ 100 డిగ్రీలు దాటకపోతే చాలు అనుకుంటారు. ఈ మోడల్‌కి 100 దగ్గర అది తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది, నిజమే. కానీ నాది పడిపోయింది 93 దగ్గర. గదిలో వేడి 15 డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా కనీసం ఆ 15 పెరుగుతుంది, ఎందుకంటే కూలర్ ఎంత పెద్దదైనా గదిలో గాలి కంటే చల్లగా చెయ్యలేదు. జనవరిలో 77, మేలో 93, సరిపోయింది లెక్క. చిప్ వేడెక్కేకొద్దీ లోపలి తీగల నిరోధం పెరుగుతుంది, ట్రాన్సిస్టర్లు కాస్త మందగిస్తాయి, అదే వేగం నిలబడాలంటే ఇంకొంచెం వోల్టేజీ కావాలి. వోల్టేజీ ఇస్తే ఇంకా వేడి. అంటే 77 డిగ్రీల దగ్గర 1.34తో అంచు మీద నిలబడ్డది 93 దగ్గరికి వచ్చేసరికి అంచు దాటేసింది. 100 దాకా రానక్కర్లేదు.

రెండో లెక్క ఇంకా కళ్లు తెరిపించింది. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గంతో పెరుగుతుంది. నా చిప్ మామూలుగా 4.5 దగ్గర 1.20 వోల్టులతో నడిచేది. 5.0కి 1.34. కాలిక్యులేటర్ తీసి కొడితే వేగం 11 శాతం పెరిగితే వేడి 38 శాతం పెరిగింది. వాట్లు, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కూడా రెండర్‌లో 120 వాట్లు ఉండేది 165కి చేరింది. అదే 4.8 దగ్గర 1.24 వోల్టులతో ఆగిపోతే వేగం 7 శాతం దాకా పెరుగుతుంది, వేడి 14 శాతమే. ఆ చివరి 200 మెగాహెర్ట్జ్ కోసం నేను గదిలో ఒక కుంపటి పెట్టుకున్నానన్నమాట.

అందుకని ఈసారి సరిగ్గా రోహిణీ కార్తెలో, మధ్యాహ్నం రెండున్నరకి, కిటికీ మూసి మొదలుపెట్టాను. మా అమ్మ పైకొచ్చి చూసి పిచ్చెక్కిందేంట్రా అంది.

ముందు ప్రాజెక్టులన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి ఆ కేబుల్ పీకేశాను. ఇది మాత్రం దాటెయ్యకండి, అస్థిరంగా ఉన్న కంప్యూటర్ రాసే ఫైలు కూడా పాడవ్వచ్చు, ఒక్కోసారి విండోసే లేవదు. తర్వాత బయాస్ అప్‌డేట్. ఆ తర్వాత ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ తీసేశాను. చాలామందికి తెలియనిది, ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ అధికారికంగా చెప్పింది డీడీఆర్4-2666, నా ర్యామ్ 3200. రెండూ ఒకేసారి పెంచి కంప్యూటర్ పడిపోతే తప్పు ప్రాసెసర్‌దా ర్యామ్‌దా అని జుట్టు పీక్కోవాలి. ఒకసారికి ఒకటే మార్చడం, నోట్‌బుక్‌లో రాసుకోవడం. నిజంగా కాగితం మీద, ఎందుకంటే కంప్యూటర్‌లో రాసుకున్నది కంప్యూటర్ లేవకపోతే ఎలా చూస్తారు?

45 నుంచి ఒక్కో అంకె పెంచాను. పడిపోతే వోల్టేజీ 0.01 చొప్పున పెంచడం, అంతే. ఈసారి ముందే ఒక గీత గీసుకున్నాను: ఈ గదిలో, ఈ వేడిలో, నా సొంత రెండర్‌లో 85 డిగ్రీలు దాటకూడదు, అది దాటితే వేగం ఎంతొచ్చిందనే మాటే లేదు. 48 దగ్గర 1.23కి సినీబెంచ్ పాసైంది. జనవరి నేనైతే అక్కడితో పండగ చేసుకునేవాణ్ణి. లోపల జరిగిన తప్పులు నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 19 అని రెండు హెచ్చరికలు. అంటే లోపల తప్పు జరిగింది, ప్రాసెసరే దిద్దుకుంది, మనకి చెప్పలేదు. దిద్దుకోగలిగినవి ఇవ్వాళ, దిద్దుకోలేనివి రేపు. 1.24 చేశాక ఆ హెచ్చరికలు ఆగిపోయాయి.

ఇక్కడ ఎల్‌ఎల్‌సీ అనే సెట్టింగ్ గురించి చెప్పాలి, నన్ను అన్నిటికంటే తికమక పెట్టింది ఇదే. పని పడగానే ప్రాసెసర్‌కి అందే వోల్టేజీ కాస్త కుంగుతుంది. మా ఊళ్లో సాయంత్రం చెరువుల మోటార్లన్నీ ఒకేసారి వేస్తే ఇళ్లల్లో బల్బులు డల్ అవుతాయి చూడండి, అలా. ఆ కుంగుదలని పూడ్చేదే ఎల్‌ఎల్‌సీ. మరి మొత్తం పూడ్చేస్తే పోలా అని గరిష్ఠానికి పెట్టేస్తారు కొందరు. నేనూ పెట్టాను. మోటార్లన్నీ ఒక్కసారిగా ఆపేస్తే బల్బు భగ్గుమన్నట్టే, పని ఆగిన క్షణంలో వోల్టేజీ మనం పెట్టినదానికంటే పైకి ఎగురుతుంది. అది సాఫ్ట్‌వేర్‌లో కనపడేంత సేపు ఉండదు, కానీ చిప్‌కి తగులుతుంది. మధ్యస్థంగా పెట్టి కాస్త కుంగనివ్వడమే మంచిది. కొన్ని బోర్డుల్లో 1 అంటే ఎక్కువ, కొన్నింటిలో 1 అంటే తక్కువ, కాబట్టి నంబర్ చూసి కాపీ కొట్టకండి, పక్కన ఉన్న గీత బొమ్మ చూసుకోండి.

పరీక్షల సంగతి. ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే పరీక్ష చిప్‌ని వంచి పిండేస్తుంది, మామూలు పనిలో ఎప్పుడూ రానంత వేడి తెప్పిస్తుంది. దాన్లో ఏవీఎక్స్ అనే మరీ బరువైన లెక్కలు ఆపి అరగంట నడిపాను, ఒక్కో థ్రెడ్ మీద లెక్క నడిపే వర్కర్లలో ఒకటి కూడా ఆగకపోతే చాలు. గంటల తరబడి దాన్లో వేయించడం వల్ల నాకేం ప్రయోజనం కనపడలేదు. అసలు పరీక్ష నా పనే: పాత పెళ్లి ఒకటి తీసుకుని వరసగా ఆరుసార్లు రెండర్ చేసి, వచ్చిన వీడియోలు ఆకుపచ్చ చదరాల కోసం వెతికాను. వేడి 83 డిగ్రీలు దాటలేదు. తర్వాత ఎక్స్‌ఎంపీ మళ్లీ పెట్టి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు రాత్రంతా తిప్పాను. ఆ తర్వాత ఏ పనీ లేకుండా ఒక పూట ఊరికే వదిలేశాను, ఎందుకంటే కొన్ని కంప్యూటర్లు బరువు మొయ్యడంలో కాదు, బరువు దించాక కూలబడతాయి.

మధ్యలో ఒకసారి అసలు స్క్రీనే రాలేదు. టెన్షన్ పడక్కర్లేదు, కరెంటు తీసేసి, బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ పీకి ఐదు నిమిషాలాగి పెట్టేస్తే సెట్టింగ్‌లన్నీ పోయి మళ్లీ మొదటికొస్తుంది.

యూపీఎస్ సంగతి నాకు తట్టనే లేదు. నా దగ్గరున్నది 600 వీఏ, దాని వెనక చూస్తే 360 వాట్లని ఉంది. 5.0 మీద నడిపిన రోజుల్లో రెండర్ అవుతుండగా గాలివాన వచ్చి కరెంటు పోతే, యూపీఎస్ కుయ్యోమని ఒక్క అరుపు అరిచి అదీ ఆగిపోయేది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించాను కూడా! ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, మానిటరు, డిస్కులు అన్నీ కలిపితే ఆ 360 అంచుకి వచ్చేశానని తర్వాత అర్థమైంది. ఓవర్‌క్లాక్ చేసేముందు కేబినెట్‌లో ఉన్న పవర్ సప్లైతో పాటు గోడ దగ్గరున్న ఆ డబ్బాని కూడా చూసుకోండి.

మన ప్రాంతానికే సొంతమైన బాధలు ఇంకో రెండున్నాయి. ఒకటి పీచు. మా వీధి చివర కొబ్బరి పీచు తీసే మిషన్ ఉంది, ఆ పొడి సన్నగా లేచి వచ్చి కూలర్ రెక్కల మధ్య తడిగాలికి మెత్తగా అట్ట కడుతుంది. వేడెక్కుతోందని పక్క డోర్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టేవాణ్ణి, దాంతో ఇంకా దండిగా లోపలికి పోయేది. కోతల ముందు దీపాలకి మూగే పచ్చదోమ ఆ పొడి మీద అతుక్కుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇప్పుడు డోర్ మూసి, ముందు ఫిల్టర్ పెట్టి, పదిహేను రోజులకోసారి దులుపుతున్నాను. ఆ ఒక్క పనికే 4 డిగ్రీలు తగ్గింది, రూపాయి ఖర్చు లేదు. రెండోది మా బావమరిది ఇచ్చిన సలహా: "బావా, ఐసు ఫ్యాక్టరీ పక్కనే కదా, రెండు ముక్కలు తెచ్చి గాలి దాని మీంచి పోనిస్తే?" మే నెలలో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లసీసా బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలాగి చూడరా అన్నాను. ఆ కారేదంతా మదర్‌బోర్డు మీద ఊహించుకోండి. మన తడిగాలిలో గది కంటే చల్లబరిచే ప్రయోగాలు వద్దు.

ఏఎండీ రైజెన్ ఉన్నవాళ్లు ఇలా అన్ని కోర్లకీ ఒకే వేగం బిగించకండి, ఒక్క కోర్ పనుల్లో అది తనంతట తాను ఎక్కే ఎత్తుని పోగొట్టుకుంటారు. 5000 సిరీస్ నుంచి వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఉంది, దాన్లో కొద్దికొద్దిగా మైనస్ చేసుకుంటూ వెళ్తే వేడి తగ్గుతుంది, వేగం దానంతటదే పెరుగుతుంది. మన వాతావరణానికి నిజానికి అదే సరైన పద్ధతి. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లున్నవాళ్లయితే ఓవర్‌క్లాక్ మాట పక్కన పెట్టి ముందు బయాస్ అప్‌డేట్ చెయ్యండి. అవి అవసరానికి మించి వోల్టేజీ అడుగుతూ పాడైపోతున్నాయని తేలి 2024 ఆగస్టులో కొత్త మైక్రోకోడ్ (బయాస్ అప్‌డేట్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చారు, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించారు. ఒకసారి పాడైన చిప్‌ని ఆ అప్‌డేట్ బాగు చెయ్యదు. ఓవర్‌క్లాక్‌తో పోయిన చిప్‌కి వారంటీ అడిగే హక్కు మనకి ఎటూ ఉండదు, అది తెలిసే దిగాలి.

ఇప్పుడు కేబినెట్ పక్కన తెల్ల టేపు అంటించి 48, 1.24, 83 అని రాసి, కింద రోహిణి అని రాశాను. మొన్న బాబాయి పైకొచ్చినప్పుడు అది చూసి ఇదేంట్రా అన్నాడు. అంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఇంతకీ ఎంత కలిసొచ్చింది?"

"గంట పట్టేది యాభై ఆరు నిమిషాలకి వచ్చేసింది బాబాయ్."

"నాలుగు నిమిషాలు."

"ఆయ్."

కాసేపు కిటికీలోంచి చెరువు వైపు చూసి, "దానికి మీ అమ్మ చేత అన్ని తిట్లు తిన్నావా" అని కిందకి దిగిపోయాడు.